మా అక్క కుట్టిన జీపు టాపు

మా బావకు జీపు పిచ్చి. బర్మాలో, యాంగోన్ నగరంలోని అహ్లోన్ రేవులో క్రేన్ల మరమ్మతు ఆయన ఉద్యోగం. రోజంతా అక్కడ ఇనుముతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి మళ్లీ ఇనుమే ముట్టుకునేవాడు. ఆ రోజుల్లో యాంగోన్‌లో కొత్త కారు కనబడటమే గగనం. అందుకని యుద్ధకాలం నాటి జీపుల్ని విప్పి, బిగించి, ఎవరికి తోచిన సోకులు వాళ్లు చేసుకునేవారు. వేసవి ఆదివారాల్లో ఉదయం పూట ఆ బళ్లన్నీ నది అవతల తన్లిన్‌లో, ఒడ్డున ఖాళీ జాగాలో చేరేవి. అచ్చం తిరునాళ్లే.

మూతపడ్డ బియ్యం మిల్లు వెనక బావకు ఒక తుప్పుపట్టిన జీపు దొరికింది. దాని మీద ఏడాదిన్నర కష్టపడ్డాడు. ఇంజిను ఏదో పికప్పుది, చక్రాలు ఇంకో బండివి. పండు మామిడి రంగు వేసి, బానెట్టు మీద ఎర్రటి మంటలు గీయించాడు. గీసినాయన సైన్‌బోర్డుల పెయింటరు. మంటలు మందార రేకుల్లా వచ్చాయి. ఆ మాట బావతో ఎవరం అనలేదు.

ఇక టాపు మిగిలింది. అక్క లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చలికోట్లు కుట్టేది. నేను అప్పుడే ఉద్యోగంలో చేరి వాళ్లింట్లో ఉండేదాన్ని.

"ఏదో గుడ్డ కప్పీయే, సాలు," అన్నాడు బావ.

"ఏటి సాలు? నాను కుడితే గుడ్డ కప్పినట్టుంటాదేటి?" అంది అక్క.

మందపాటి టార్పాలిన్ తెచ్చింది. ఇంటి మిషను సూదులు వరసగా విరిగాయి. చివరికి చెప్పులు కుట్టే సూదితో, మైనం పూసిన దారంతో చేత్తోనే మొదలుపెట్టింది. ఇటు తను గుచ్చితే అటు నేను లాగేదాన్ని. రెండు వారాలు కూర కలుపుకుంటే దారం కోసిన వేళ్లు భగ్గుమనేవి.

తయారైన జీపులో ముగ్గురం తన్లిన్ బయల్దేరాం. వంతెన మీద పక్కనే రైలు వస్తుంటే బావ దానితో పందెం కట్టాడు. రైలే గెలిచింది.

అక్కడ బళ్లు నిగనిగలాడుతున్నాయి. బావ మెడ నిటారుగా పెట్టుకుని జీపు పక్కన నిలబడ్డాడు. గంట గడిచిందో లేదో ఆకాశం నల్లబడి, వాన దబదబా దిగింది. మిగతా బళ్ల టాపులు జల్లెళ్లు. జనం దొరికిన చోటికల్లా పరుగెత్తారు. మా జీపులోకి ఎనిమిది మంది దూరారు. అందులో ఒక బర్మా పెద్దాయన ఉన్నాడు. అక్కడున్న బళ్లన్నిటిలో సోకైనది ఆయనదే. పైకి తేరిపార చూసి, "ఇది ఎవరు చేశారు తమ్ముడూ?" అని బర్మా భాషలో అడిగాడు.

బావ హుషారుగా ఇంజిను సంగతి ఎత్తుకున్నాడు.

"ఇంజిను కాదయ్యా, టాపు. ఒక్క చుక్క కారడం లేదు."

బావ అక్క వైపు చెయ్యి చూపించాడు.

వాన వెలిసేసరికి ముగ్గురు తమ బళ్లకీ అలాంటిది కుట్టమని అక్క చుట్టూ చేరారు. కుట్ల మీద వేళ్లు రాసి చూశారు. ఫ్యాక్టరీలో తను కుట్టిన కోట్లు ఏ దేశంలో ఎవరు తొడుక్కున్నారో అక్క ఎన్నడూ ఎరగదు. ఎదురుగా నిలబడి బాగుందని అన్నవాళ్లు వీళ్లే మొదలు. అక్క చెవులు ఎర్రబడ్డాయి.

తిరుగు దారిలో బావ గేర్లు విసురుగా మార్చాడు.

"ఏటి, మూతి ముడుసుకున్నావ్?" అంది అక్క.

"ఏటీ నేదు. ఏడాదిన్నర ఇంజిను కిందే పడుకున్నాను. ఒక్కడైనా బానెట్టు ఎత్తి సూసేడా?"

"నీ ఇంజిను తన్లిన్ దాకా లాక్కొచ్చింది కాబట్టే కదా, నా టాపు సూసేరు."

బావ "అదీ నిజమేలే," అన్నాడు.

ఆరు నెలలకు అక్క ఫ్యాక్టరీ మానేసింది. మెట్ల కింద పెద్ద మిషను వేసి, టాపులు, సీట్లు కుట్టడం మొదలుపెట్టింది. సాయంత్రాలు బావ కొలతలు తీసేవాడు. తప్పుగా తీసి తిట్లు తినేవాడు. తర్వాత్తర్వాత కొత్త కార్లు దండిగా వచ్చాయి. నది ఒడ్డు కూడికలు ఆగిపోయాయి. అక్క పని మాత్రం ఆగలేదు.

జీపుని బగో ఊరాయన ఎవరో కొనుక్కున్నాడు. తీసుకెళ్లే రోజు బావ లోపలికెళ్లి టీ పెట్టుకున్నాడు, బయటికి రాలేదు. అక్కే వెళ్లి, టాపు ఎలా మడవాలో, ఎండలో ఎలా ఆరబెట్టాలో ఆయనకు రెండుసార్లు చూపించి వచ్చింది.