స్లైడక్క జాలిపడిన ఆరు ముక్కలు

అరవై రెండు మెట్లు. స్లైడక్క లెక్క తప్పదు, ఎందుకంటే మెట్టుకో తిట్టు ఉంటుంది. మూడో అంతస్తులో ల్యాబు పెట్టినవాణ్ణీ, లిఫ్టు పెట్టనివాణ్ణీ, తన ఎడమ మోకాలినీ వరసపెట్టి ఉతికి ఆరేస్తూ ఎక్కుతుంది. పైకి చేరేసరికి మాత్రం ముఖం వెలిగిపోతుంది. ఇరవై ఆరేళ్ళ నుంచీ అదే ఆమెకి పుట్టిల్లు మరి!

ఆసుపత్రిలో మోకాలు మార్చే ఆపరేషన్లు జరుగుతాయి కదా, అక్కడ తీసేసిన ఎముకల చివర ఇంకా కాస్త మంచి మృదులాస్థి మిగిలి ఉంటుంది. ఎముకా ఎముకా రాసుకోకుండా మధ్యలో మెత్తలా ఉండే తెల్లటి పొర అది. దాన్ని చిన్న ముక్కలు చేసి బతికించడం, తర్వాత ఉల్లిపొరకన్నా పల్చగా కోసి గాజు స్లైడు మీద పరిచి రంగు పట్టించడం ఆమె పని. ఆ స్లైడుల పుణ్యమా అని ఉన్న పేరు పోయి స్లైడక్క మిగిలింది.

విద్యార్థులకి ఆమె మైక్రోస్కోపు చూపిస్తుంటే వినాలి.

"చూడు, ఒక్కో కణం ఒక్కో గదిలో ఎంత బుద్ధిగా కూర్చుందో! ఇక్కడికి రక్తనాళం రాదు, నరం రాదు. చుట్టూ గోడ కట్టుకునేదీ వీళ్ళే, మరమ్మతు చేసుకునేదీ వీళ్ళే. ఇప్పుడీ అరిగిపోయిన మోకాలు చూడు. గోడ కూలుతోందని బెంబేలెత్తి ఒకే గదిలో పదిమంది పోగయ్యారు. బాగుచెయ్యబోయి గోడని కరిగించే రసాలు కూడా వీళ్ళే వదులుతున్నారు. చెడ్డవాళ్ళు కాదమ్మా, కంగారు!"

ఇంత తెలిసిన మనిషికి తన మోకాలి దగ్గరికొచ్చేసరికి తెలివంతా ఎటు పోయిందో! అరుగుదల మొదలైంది, రోజూ నడవండి, ఈ వ్యాయామాలు చెయ్యండి అని డాక్టరు బొమ్మల కాగితం ఇస్తే, "నొప్పి పెట్టే కాలితో కసరత్తా? ఈయనకి మతిగానీ పోయిందా?" అని దాన్ని బియ్యం డబ్బా కింద పరిచేసింది.

ఆమెకి తగ్గవాడే మొగుడు. దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. భార్య మూలిగిన రోజు నుంచీ ఇంట్లో ఆమెని కాలు కింద పెట్టనివ్వలేదు. హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసి, చేతికందేలా మంచినీళ్ళు, రేడియో, తువ్వాలు అన్నీ అమర్చాడు. సాయంత్రం నడక మాన్పించాడు. "మహారాణిలా కూర్చోవే, నేనున్నానుగా," అనేవాడు. ఆమె కూర్చుంది. నొప్పి తగ్గలేదు సరికదా, లేస్తుంటే మోకాలు బిగుసుకుపోవడం మొదలైంది. అది చూసి ఆయన ఇంకో దిండు కుట్టాడు.

చివరికి ఇద్దరూ కూడబలుక్కుని ఒక అర్జీ రాశారు. కింది అంతస్తులో స్టోరుగదికి మార్చమని. కుర్చీలో కూర్చుని సామాన్లు రాసుకునే పని. రాసిన రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు. కణాలని వదిలి ఉండటమంటే ఆమెకి ప్రాణం మీదికొచ్చినట్టే. ల్యాబు నడిపే ప్రొఫెసర్ మేడమ్ రెండు వారాలు ఊరెళ్ళింది, వచ్చి సంతకం పెడితే ఇక అంతే సంగతులు.

ఆ రెండు వారాల్లోనే స్లైడక్క ఒక ఘనకార్యం చేసింది. రెండు ట్రేలలో ఆరేసి ముక్కలు ఉన్నాయి. రోజూ రెండు గంటలపాటు ఒక యంత్రం వాటిని మెల్లగా నొక్కి వదులుతుంది, మనం అడుగేసి తీసినట్టు. రెండో ట్రే మీద చీటీ చదివింది: స్త్రీ, డెబ్భై ఒకటి. తన మోకాలు సలుపుతున్న రోజది. "అయ్యో తల్లీ, జీవితమంతా నడిచి నడిచి అరిగావు. ఇక్కడ కూడా నొక్కించుకోవాలా? కాస్త పడుకో," అని ఆ ట్రేకి యంత్రం ఆపేసింది. మళ్ళీ వెయ్యనూ లేదు!

మేడమ్ వచ్చాక ఇద్దరూ స్లైడులు చూశారు. మంచి మృదులాస్థి ఎర్రరంగు బాగా పీల్చుకుంటుంది. మొదటి ట్రే ముక్కలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. రెండో ట్రేవి వెలిసిపోయిన గుడ్డలా ఉన్నాయి. యంత్రం చెడిందని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? నోటిదాకా వచ్చింది కూడా.

"నేనే ఆపేశాను మేడమ్. జాలేసింది."

మేడమ్ కళ్ళజోడు తీసింది. "రెండు వారాల పని మట్టి కొట్టుకుపోయింది కదక్కా! రక్తం అందని చోట నొక్కి వదిలితేనే కదా తడి లోపలికీ బయటికీ ఆడి తిండి అందేది? గోడ కట్టండని వాళ్ళకి కబురెళ్ళేదీ ఆ నొక్కుడుతోనే. నీకు తెలియదా?"

"ఏటా పిల్లలకి చెప్పేది నేనే. తెలిసినా మనసొప్పలేదు."

మేడమ్ నిట్టూర్చి, అర్జీ ముందుకు లాక్కుని కలం తీసింది. "ఇదేనా? కూర్చునే ఉద్యోగం?"

స్లైడక్క ఆ పాలిపోయిన ముక్కని చూసింది, అర్జీని చూసింది. గబుక్కున చెయ్యి చాచి కాగితం లాక్కుంది.

"వద్దు మేడమ్. కొత్తగా ఆరు ముక్కలు తెచ్చి మళ్ళీ మొదలుపెడతాను. మెట్లెక్కే వస్తాను, మధ్యలో ఆగి ఆగి."

ఇంటికొచ్చేసరికి దర్జీగారు కుర్చీ దులిపి సిద్ధంగా ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. బియ్యం డబ్బా కింద నుంచి బొమ్మల కాగితం లాగి దులిపింది. జరిగిందంతా చెప్పి, "మీరు కూడా నన్ను ఆ రెండో ట్రేలోనే పెట్టారండీ," అంది.

ఆయన ముఖం చిన్నబోయింది. "ప్రేమకొద్దీ చేశానే."

"నేను మాత్రం? నేనూ ప్రేమకొద్దీనే చేశాను. పాపం పాలిపోయారు!"

"నడిస్తే అరిగింది మళ్ళీ మొలుస్తుందా?"

"మొలవదు. ఉన్నవాళ్ళకి అన్నం పెట్టొద్దూ మరి?"

ఆయన వంగి ఆమె చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు.

"వీధి చివరిదాకానే. మధ్యలో ఎత్తుకోమంటే నావల్ల కాదు."

"ఎత్తుకున్నారంటే ఊరుకోను," అంది స్లైడక్క, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.