రంగు తిరిగిందని కార్డు

మదనపల్లె పోస్టాఫీసు గుమాస్తా చెంగల్రాయుడికి కుదురుగా కూర్చోవడం తెలియదు. ఒక రకం క్రోటన్ పుప్పొడిని ఇంకో రకం పూలకు అద్ది, వచ్చిన విత్తనాలను డాల్డా డబ్బాల్లో మొలిపించాడు. పొద్దున పళ్లు తోముకుంటూనే ఒక్కో ఆకునూ తిప్పి చూసేవాడు. కొత్త రంగు వచ్చినవి ఉంచుకుని, ఉత్త పచ్చవి పీకి పారేయాలి. ఆ రంగు తేలడానికి రెండేళ్లయినా పడుతుంది. ఏడాది నిండకముందే, డెబ్బై ఎనిమిదిలో, కుప్పానికి బదిలీ అయింది. నలభై మొక్కల్లో దేన్ని తీసుకుపోవాలో తేల్చుకోలేక, వీధిలో ఇంటికొకటి పంచాడు. రంగు తిరగ్గానే రాయమని తలా ఒక కార్డు కూడా ఇచ్చాడు.

ఎనిమిది నెలలకు, నడివేసవిలో, ఎదురింటి ముసలామె బయ్యమ్మ రాయించిన కార్డు వచ్చింది. మరునాడు తొలి బస్సెక్కాడు. పుంగనూరులో సీటు ఖాళీ అయినా కూర్చోలేకపోయాడు.

“సూడప్పా, బంగారం మాదిరి ఉండాది. దినామూ దండం పెట్టుకుంటాండాను,” అంది బయ్యమ్మ.

డబ్బాలో వేలు పెట్టి చూశాడు. మన్ను రాయిలా ఎండిపోయింది. నీళ్లు చాలక ఆకులన్నీ పసుపుబారాయి.

“ఏమప్పా, బాగలేదా?”

“శానా బాగుండాదమ్మా,” అన్నాడు. “దినామూ చెంబుడు నీళ్లు పొయ్యి. మళ్లా పచ్చబడితే దిగులుపడొద్దు. అది ఇంగా మంచి రంగు.”