ఐలయ్య బిగించిన సెన్సర్

ఐలయ్య మా తోటను మొదటిసారి చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. జేబులో టెస్టరు, భుజాన వైరు చుట్ట.

"ఇది తోటనా సారూ? రైలు పట్టాలెయ్యనీకి కంకర వోసినట్టున్నది."

అతని తప్పు కాదు. మా అమ్మాయి ప్రవీణ కంపెనీ పని మీద ఆరు నెలలు స్వీడన్‌లో ఉండి వచ్చి, తెల్లాపూర్‌లోని మా విల్లా ముందున్న స్థలాన్ని అక్కడి తోటలా మార్చేసింది. బూడిదరంగు కంకర, నాలుగు బండరాళ్ళు, గడ్డి దుబ్బులు, ఒక చెక్క బల్ల. పువ్వన్నది లేదు. మా ఆవిడ రాజరాజేశ్వరి వెనకవైపు దొంగచాటుగా రెండు నందివర్ధనం మొక్కలు నాటుకుంది. ఆ తోటకు దీపాలు బిగించడానికి వచ్చాడు ఐలయ్య.

అతనిది తెల్లాపూరే. మా విల్లాలున్న చోట ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను ఉండేదట. "మీ వంటింట్ల మా ఎడ్లకొట్టం ఉండె" అని మా ఆవిడతో అన్నాడు. ఆమె ముఖం చూసి, "శానా సాఫ్‌గుంటుండె అమ్మా" అని సర్దాడు. పక్క విల్లా వాళ్ళకు కూడా ఎడ్లకొట్టం వాళ్ళ వంటింట్లోనే ఉండేదని చెప్పినట్టు తర్వాత తెలిసింది.

కరెంటు పని అతను బోనాల పందిళ్ళకు సీరియల్ బల్బులు కట్టి నేర్చుకున్నాడు. అతని లెక్కలో దీపమంటే బస్టాపు నుంచి కనబడాలి. ప్రవీణ తెప్పించినవేమో మోకాలెత్తు నల్లటి స్తంభాలు. బల్బు కనబడదు, వెలుగు మాత్రం నేల మీద పడుతుంది.

"తలకాయ దించుకోని నిలవడ్డయి, బడిల తప్పు జేసినోళ్ల లెక్క" అన్నాడు.

"అక్కడ అంతే ఐలయ్యగారూ. దీపం కాదు, దారి కనబడాలి" అంది ప్రవీణ.

దీపాల దగ్గర చిక్కు రాలేదు. స్విచ్చి దగ్గర వచ్చింది. ప్రవీణ స్విచ్చే వద్దంది. గోడకు సెన్సర్ పెడితే చీకటి పడగానే వాటంతటవే వెలుగుతాయి. రాజరాజేశ్వరి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళుగా, ఏ ఊరి క్వార్టర్స్‌లో ఉన్నా, సందెవేళ మొదటి లైటు తానే వేసేది. స్విచ్చిబోర్డు ముందు నిలబడి దణ్ణం పెట్టుకునేది. మాకు కాఫీ ఆ తర్వాతే.

"వెలిగాక పెట్టుకోమ్మా దణ్ణం" అంది ప్రవీణ.

"వెలిగించకుండా దణ్ణమేంటే? వండకుండా వడ్డించినట్టు."

మూడు రోజులు తల్లీకూతుళ్ళు కూరల్లో ఉప్పు గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. నాలుగో రోజు ఐలయ్య గోడకు సెన్సర్ బిగించాడు. వరండా స్తంభం వెనక ఒక స్విచ్చి కూడా పెట్టాడు. ప్రవీణనూ నన్నూ పక్కకు పిలిచాడు.

"ఆ స్విచ్చికి వైరియ్యలే. ఉత్తదే. అమ్మ మనసుకు వెట్టిన. సెన్సర్ చీకటి జూసే వెలుగుతది, అమ్మ గూడ చీకటి జూసే ఒత్తుతది. ఇద్దరిదీ ఒక్కటే టైము. జర కడుపుల వెట్టుకోండ్రి."

కడుపులో పెట్టుకున్నాం. ఏడాదిన్నర పాటు ఆవిడ స్విచ్చి నొక్కడం, దీపాలు వెలగడం, ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించడం, తండ్రీకూతుళ్ళం కిటికీలోంచి చూసి నవ్వుకోవడం. పొద్దున మేం లేచేసరికి ఆరిపోయి ఉండేవి. ఒకసారి మబ్బు పట్టి నాలుగింటికే వెలిగాయి. సెన్సర్ సూక్ష్మబుద్ధిని ప్రవీణ రెండు రోజులు మెచ్చుకుంది. ఇంకోసారి రాజరాజేశ్వరి మూసాపేటలో చెల్లెలింటికి నోముకు వెళ్ళి, ట్రాఫిక్‌లో చిక్కుకుని ఏడున్నరకు వచ్చింది. అప్పటిదాకా తోట చీకటిగానే ఉంది. చెప్పులైనా విప్పకుండా ఆవిడ వరండాలోకి నడిచింది, దీపాలు వెలిగాయి. ఐలయ్యకు ఫోన్ చేస్తే, "దుమ్ము వట్టుంటది సారూ, గాలికి వోయింటది" అన్నాడు. నమ్మాను. చదువుకున్నవాణ్ణి కదా.

పోయిన ఆషాఢంలో ఒక మధ్యాహ్నం రాజరాజేశ్వరి గుండెపోటుతో పోయింది. కర్మలయ్యేదాకా ఇంటి ముందు టెంటు, టెంటు వాళ్ళ ట్యూబులైట్లు. అవి విప్పుకుపోయిన సాయంత్రం తోటలో దీపాలు వెలగలేదు.

"సెన్సర్ పోయినట్టుంది నాన్నా" అంది ప్రవీణ.

మర్నాడు పొద్దుగూకే వేళకు ఐలయ్య వచ్చాడు. ప్రవీణ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

"నిచ్చెన తేలేదేం?"

"నిచ్చెనతోటి పనిలేదు సారూ. ఇట్ల రాండ్రి." నన్ను స్తంభం వెనక్కి తీసుకెళ్ళాడు. "ఒత్తుండ్రి."

"ఇది ఉత్తదన్నావుగా."

"ఒత్తుండ్రి సారూ."

నొక్కాను. ఎనిమిది దీపాలూ తలలు దించుకునే వెలిగాయి.

"సెన్సరే ఉత్తది. దానికే వైరియ్యలే" అన్నాడు ఐలయ్య. "'నాకన్న ముందు వెలగొద్దు ఐలయ్యా' అని అమ్మ ఒక్కటే మాట అడిగింది. మీకు జెప్పొద్దన్నది."

"మేం నవ్వుకునేవాళ్ళం. ఆవిడకి తెలుసా?"

"ఎందుకెర్కలేదు? 'కిటికీల తండ్రీబిడ్డలు నవ్వుకుంటున్నరు. నవ్వుకోనీ. కండ్లు మూసుకోకుంటే నాకే నవ్వొచ్చేటట్టున్నది' అనేది."

ఎడ్లకొట్టం నిజంగా ఎవరి వంటింట్లో ఉండేదో అప్పుడే అడిగేద్దామనిపించింది. కంకర మీద వెలుగు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే చేతులు జోడించి ఉన్నాయి.

ఐలయ్య వైరు చుట్ట భుజాన వేసుకున్నాడు. "ఇగ రేపటి సంది మీరే సెన్సర్. ఫికర్ జెయ్యకుండ్రి, బిడ్డకు నేనైతే చెప్ప."

నేనూ చెప్పలేదు. బాగు చేశాడన్నాను. ఇప్పుడు పొద్దున ప్రవీణ లేవకముందే దీపాలు ఆర్పుతాను. ఏ పుస్తకం చదువుతున్నా సందెవేళకు మూసేసి, ఆకాశం చూసి, స్తంభం వెనక్కి వెళ్తాను.

మొన్న ప్రవీణ అంది: "నాన్నా, ఆ సెన్సర్ ఈమధ్య పది నిమిషాలు ఆలస్యం చేస్తోంది. మార్చేద్దామా?"

"ఉండనీయమ్మా" అన్నాను. "ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటోంది."