‘మంచిగున్నం’ అన్న మాటను వాపసు తెచ్చుకోవడానికి హైదరాబాదు ప్రయాణం

నోటి నుంచి పోయిన ఒక్క మాటను వెనక్కి తెచ్చుకోవాలంటే వరంగల్ నుంచి రైల్లో రెండున్నర గంటలు, మెట్రోలో ముప్పావు గంట, సెక్యూరిటీ దగ్గర పావుగంట పడుతుంది. మీలో ఎవరికైనా ఆ పని పడవచ్చు కాబట్టి చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది, నా మాటలకు ఇస్త్రీ కూడా తనే చేస్తోంది.

మాది కొత్తవాడ. జంఖానాలు నేసే నూలుకు రంగు వేసే షెడ్డులో నా పని. మా ఆయనదీ అక్కడే. ఆ ఆవిరిలో దగ్గి దగ్గి పోయాడు, నేను మిగిలాను. షెడ్డు నుంచి వచ్చే రంగునీళ్లు మూత లేని మోరీలో మా గల్లీ పొడుగునా పారుతాయి. షెడ్డులో ఎరుపు వేస్తే రెండో రోజుకు మా బోరు ఎరుపు పోస్తుంది. నీలం వేస్తే నీలం. చీరలకు వేరే రంగు కొనే అవసరం మాకు లేదు.

మా జంఖానాలు కొనే పెద్ద కంపెనీ మోరీ కట్టిస్తామంది, షెడ్డుకు పొగగొట్టం పెట్టిస్తామంది. కాకపోతే ముందు పరిశోధన జరగాలన్నారు. మోరీ కంపు కొడుతోందో లేదో తెలుసుకోవడానికి ముక్కు పనికిరాదు, రిపోర్టు కావాలి.

అట్లా వచ్చింది దివ్య అనే పిల్ల, కంపెనీ ఆ పరిశోధన అప్పజెప్పిన ఆఫీసు నుంచి, చేతిలో ట్యాబు పట్టుకుని. ఎండన పడి వచ్చింది. మొహం కందిపోయింది. వాకిట్లో కుర్చీ వేసి చాయ్ పెట్టాను. కూర్చుంటూనే అడిగింది: “ఎలా ఉన్నారమ్మా? ఇక్కడ మీకేమైనా ఇబ్బందులున్నాయా?”

“మంచిగున్నం బిడ్డా, ఏ రంది లేదు. ముందుగాల చాయ్ తాగు” అన్నాను.

మా దగ్గర ఎంత దిగులున్నా ఎవరైనా ‘రంది లేదు’ అనే అంటారు. దవాఖాన మంచం మీద ఉన్నవాణ్ణి పలకరించినా ‘మంచిగనే ఉన్న’ అంటాడు. ఇంటికి వచ్చిన మనిషి చాయ్ గొంతు దిగకముందే మన కష్టాలు ఆమె నెత్తిన ఎవరు పోస్తారు? చాయ్ అయ్యాక గంటసేపు చెప్పాను. మోరీ చెప్పాను, దగ్గు చెప్పాను, ఉడుకు రంగులో చేతులు పెట్టి పెట్టి ఊడిన గోళ్లు చూపించాను. అన్నీ రాసుకుంది.

పోయిన వారం ఫోన్ చేసింది. “యాకమ్మ గారూ, మన రిపోర్టు అచ్చయింది. మొదటి పేజీలో మీ ఫోటో, కింద మీ మాట. మీరు హైదరాబాదు మీటింగుకు, స్టేజీ మీదికి రావాలి.”

“ఏ మాటేసిండ్రు బిడ్డా?”

“‘మేం మంచిగున్నాం, ఏ రందీ లేదు’ అని.”

చాయ్‌కి ముందు మాట పుస్తకం ఎక్కింది. చాయ్ తర్వాతి గంట ఎటు పోయిందో ఆ పిల్లే చెప్పాలి.

నాతో పాటు నూలు ముంచే సరోజనకు సంగతి చెప్పాను. “ఇగ మోరీ కట్టినట్టే. యాకమ్మక్క రంది లేదంటాంది గద, సిమెంటెందుకు అంటరు” అంది. పొద్దుగూకే సరికి గల్లీ అంతా నన్ను చూసి “మంచిగున్నవా యాకక్కా?” అనడం మొదలుపెట్టారు. అందుకే బయలుదేరాను. పుస్తకం పదకొండు గంటలకు విడుదల. అంతకు ముందే ఆ మాట తీయించాలి. సాక్ష్యానికి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకున్నాను. ఆ వారం షెడ్డులో ఎరుపు.

పొద్దున ఐదున్నరకు వరంగల్ స్టేషన్ చేరాను. జనరల్ పెట్టెలో కాజీపేట దాకా నిలబడి, అక్కడ సీటు సంపాదించాను. ఘనపురంలో సీతాఫలాల గంపతో ఒకామె ఎక్కి నా పక్కన ఇరికింది.

“ఎటు పోతానవక్కా?”

“నా మాట వాపసు తెచ్చుకోను.”

“ఎవ్వలకిచ్చినవ్?”

“కంపెనోళ్లకు.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి ఒక సీతాఫలం చేతిలో పెట్టింది. “తిను. ఆడికి పోయినంక ఆకలైతది” అంది. అది మొదటి టిఫిను. భువనగిరి దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దిరొట్టె రెండోది.

కంపెనీవాళ్లకు నా మాటెందుకని ఆమె అడిగితే, దివ్య ఫోనులో చెప్పిన తన చదువు పేరు చెప్పాను. ఈఎస్‌జీ. ఈ అంటే గాలీ నీళ్లూ చెట్లూ, ఎస్ అంటే మనుషులు, జీ అంటే కంపెనీ తనను తాను సక్కగా నడుపుకోవడం. కంపెనీలు ఈ మూడూ ఎట్లా చేస్తున్నాయో చూసి అందరికీ చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. నాకు మాత్రం మొదటిసారి ‘ఎస్ జీ’ అనే వినబడింది. మా షెడ్డు సేటు ఏమన్నా ‘సరే సార్’ అన్నట్టు మేం రోజూ అనేది అదే కదా, దానికి కూడా చదువు వచ్చిందా అనుకున్నాను.

ఎనిమిదింటికి సికింద్రాబాద్. మెట్రోకు నడుచుకుంటూ పోవచ్చు, ఆటోవాళ్లు దూరమంటారు, నమ్మకండి. కదిలే మెట్ల మీద కొంగు ఒడిసిపట్టుకోండి. రాయదుర్గం చివరి స్టేషన్, కాబట్టి దాటిపోతామన్న ఫికర్ లేదు. అక్కడి నుంచి మీటింగు హోటల్‌కు అడుగుతూ, రెండుసార్లు దారి తప్పి నడిచేసరికి పదిన్నర అయింది.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను నా సంచి తెరిచాడు. “పెద్దమ్మా, ప్లాస్టిక్ సీసా లోపలికి పోనియ్యరు. పర్యావరణం మీటింగిది.”

“అది పర్యావరణమే కొడుకా. సీసా నిండ ఉన్నది” అన్నాను.

పాపం, అతనికి పైనుంచి ఆర్డరు. సీసా తీసి బల్ల కింద పెట్టాడు. సాక్ష్యం బయట ఉండిపోయింది, సాక్షి లోపలికి పోయింది. నా మెడలో ఒక బిళ్ల వేశారు. దాని మీద ఏముందని అడిగితే, స్టేక్‌హోల్డర్, అంటే ఇందులో వాటా ఉన్నవాళ్లు అని చెప్పారు. మోరీలో నా వాటా గురించి నాకు ముందే తెలుసు.

లోపల చలికి పళ్లు టకటకలాడాయి. కరెంటు పొదుపు గురించి తెర మీద బొమ్మలు పడుతున్నాయి. దివ్య కనబడగానే చేయి పట్టుకున్నాను. “బిడ్డా, ఆ మాట తీసెయ్.”

ఆ పిల్ల మొహం మాడిపోయింది. “మీరు చెప్పినదంతా వెనక పేజీల్లో రాశానమ్మా. ‘కొన్ని మెరుగుదల అవకాశాలు ఉన్నాయి’ అని మా ఆఫీసు సార్ మార్చారు. ముందు పేజీకి చిన్న మాట కావాలంటే అదొక్కటే చిన్నగా ఉంది.”

“మా ఆయన దగ్గు గూడ మెరుగుదల అవకాశమేనా?”

ఈలోపు మైకులో నా పేరు పిలిచారు.

స్టేజీ మీద ఎర్ర జంఖానా పరిచారు. ఆ ఎరుపు నాది. మూడోసారి ముంచినప్పుడు ఒక చివర కాస్త చిక్కబడింది, సేటు తిట్టాడు, ఆ చివర సరిగ్గా సార్ల బూట్ల కింద ఉంది. నేను చెప్పులు విడిచి ఎక్కాను. శాలువా కప్పారు, పుస్తకం రిబ్బను విప్పారు. నా ఫోటో బాగానే వచ్చింది, అబద్ధమెందుకు.

మైకు పట్టుకున్న అమ్మాయి నవ్వుతూ నా దగ్గరికి వచ్చి, “ఎలా ఉన్నారు యాకమ్మ గారూ? బాగున్నారా?” అంది.

“మంచిగున్న బిడ్డా” అన్నాను.

నేను అనలేదు, నోరు అంది. యాభై ఏళ్ల అలవాటు, నన్ను అడిగి కదులుతుందా? హాలంతా చప్పట్లు. రెండున్నర గంటలు రైల్లో వచ్చి అదే మాట మళ్లీ, ఈసారి మైకులో.

అమ్మాయి మైకు వెనక్కి తీసుకోబోయింది. నేను వదల్లేదు.

“ఆగు బిడ్డా. అది పలకరింపు. నువ్వు మంచిగున్నరా అంటవ్, నేను మంచిగున్న అంట, అది రాం రాం అసుంటిది. అది జవాబు గాదు. జవాబు చాయ్ తాగినంక వస్తది. మీ పుస్తకంల రాం రాం అచ్చేసి జవాబు ఇడిసిపెట్టిండ్రు.” చేతులు లేపి గోళ్లు లేని వేళ్లు చూపించాను. “మీ కాళ్ల కిందున్న ఎరుపు వీటిది. మిగిలింది మా బోర్ల ఉన్నది. సీసల తెచ్చిన, మీ పర్యావరణం దాన్ని రానియ్యలే.”

చప్పట్లు రాలేదు. అప్పుడే అనుకున్నాను, ఈసారి విన్నారని. దివ్య వాళ్ల పెద్ద సారు మైకు అందుకుని ఇది చాలా విలువైన అభిప్రాయం, వచ్చే ఏడు రిపోర్టులో తప్పక చేరుస్తాం అన్నాడు. దివ్య తన కుర్చీలోంచి లేచింది. “సార్, సవరణ చీటీ ఈరోజే అంటిద్దాం. నా పేరుతో ఉన్న రిపోర్టు ఇది” అంది. మళ్లీ కూర్చోలేదు. సారు అంతమంది ముందు కాదనలేక తల ఊపాడు. అది కూడా ఒక ‘ఎస్ జీ’.

మధ్యాహ్నం కొర్రల అన్నం, రూపాయి బిళ్లంత జొన్నరొట్టెలు పెట్టారు. తిని, కింద గదిలో నేనూ దివ్యా కూర్చున్నాం. ఒక్క ముక్క చెప్పమ్మా అంది. చెప్పాను: ‘మా మోరీకి మూత లేదు, మా బోరులో రంగు వస్తోంది, నా మొగుడు ఆ షెడ్డు ఆవిరిలో దగ్గి చనిపోయాడు. మేం మంచిగా లేము. యాకమ్మ.’ చీటీలు అచ్చు తీసి తెచ్చింది. తెగిన నూలు పోగులు అతికిన చేతులకు కాగితం ఒక లెక్కా? నా నవ్వు మొహం కింద ఒక్కొక్కటే అంటించాను. పొద్దున పంచిన పుస్తకాలు పోయాయి, అవి ‘మంచిగున్నం’ అంటూనే ఉంటాయి. పెట్టెల్లో ఉన్నవి మాత్రం ఇక అనవు. కంపెనీకి పోయేవి ఆ పెట్టెల్లోవే.

బయటికి వస్తుంటే సెక్యూరిటీ అతను సీసా పైకెత్తి చూస్తున్నాడు. “పెద్దమ్మా, ఇది రోజా షర్బతా?”

“మా బోరు నీళ్లు కొడుకా.”

దాన్ని రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

నాలుగింటికి మెట్రోలో ఉప్పల్, అక్కడ హన్మకొండ ఎక్స్‌ప్రెస్ బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, మర్చిపోకండి. మొత్తానికి ప్రయాణం మంచిదే. మోరీ కట్టిస్తారో లేదో నాకు తెలియదు. నా పేరు చెప్పి మాత్రం ఆపలేరు. మీ వాకిట్లోకి ట్యాబు పట్టుకుని ఎవరైనా వస్తే కుర్చీ వేయండి, చాయ్ ఇవ్వండి, ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నోరు తెరవకండి.

ఘట్‌కేసర్ దాటాక జనగామ టికెట్టు తీసుకుని పక్క సీటులో సర్దుకున్న ఒకామె నా శాలువా చూసి పలకరించింది. “అంత మంచేనా అక్కా?”

నోరు తెరుచుకోబోయింది. ఈసారి పట్టుకున్నాను. సంచిలోంచి సీసా తీసి ఆమె ఒళ్లో పెట్టి అన్నాను:

“జర ఇటు జరుగు. జనగామ దాక టైమున్నది, చెప్త.”