రెండు గంటల సైరన్ ఉన్న పాట

మొన్నొక పొద్దున్న పెందుర్తిలో మా వరండాలో కూర్చుని, అలవాటు ప్రకారం పేపరుతో పోట్లాడుతూ ఉండగా మా బావ ఫోను చేశాడు. "బావా, పెట్టి వచ్చీసింది. నువ్వొస్తే గానీ ఇప్పను. బేగొచ్చీ" అన్నాడు. బావంటే మా అక్క మొగుడు. పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, మల్కాపురంలోనే ఉంటాడు. మా వైపు బావ అన్న పిలుపు ఇద్దరి మధ్యా సమానంగా తిరుగుతుంది. నాకతను బావ, అతనికి నేను బావ. మనుషులంతా సమానమని నలభై ఏళ్ళుగా సభల్లో గొంతు చించుకుంటున్నాను గానీ, ఇంత సులువైన సమానత్వం మా హేతువాద సంఘం నియమావళిలో కూడా కనపడలేదు. పెట్టె ఏమిటని నేను అడగలేదు. మేం మీసాలు మొలుస్తున్న రోజుల నుంచీ వింటున్న ఇంగ్లీషు రాక్ బృందం ఒకటుంది. ఐదుగురు. అప్పుడు అందరికీ భుజాల దాకా జుట్టుండేది, ఇప్పుడు మిగిలినవాళ్ళకి చెవుల మీద మాత్రమే ఉంది. వాళ్ళ పాత పాటల్ని కంపెనీవాళ్ళు ఇంకోసారి పెద్ద అట్టపెట్టెలో సర్ది అమ్ముతున్నారు. అలాంటివి మా బావ బీరువాలో ఇప్పటికే ఓ వరస ఉన్నాయి. ఒకటి మాత్రం గ్రైండరు కింద ఎత్తు కోసం మా అక్క వాడుకుంటోంది. వాటన్నిట్లోకీ నిజంగా పనికొచ్చినది అదొక్కటే అని ఆవిడ నమ్మకం.

ఈ పెట్టెల పిచ్చికి మూలం ఒక క్యాసెట్. అప్పట్లో ఆ బృందం పాటలు మా ఊరి కొట్లలో దొరికేవి కావు, ఓడల మీద వచ్చేవి. మా బావకి వరసకు మావయ్య ఒకాయన పోర్టులో క్రేన్ నడిపేవాడు కాబట్టి ఆయన్ని మేమంతా క్రేన్ మావ అనేవాళ్ళం. విదేశీ ఓడల్లో పనిచేసేవాళ్ళతో ఆయనకి సైగల మీద స్నేహాలుండేవి. వాళ్ళ దగ్గర రికార్డు ఒకపూటకి అడిగి తెచ్చుకుని, ఇంట్లో ప్లేయరు మీద పెట్టి, దాని ముందు టేప్‌రికార్డరు నిలబెట్టి పాట ఎక్కించేవాడు. ఓడ కదిలేలోగా రికార్డు తిరిగి ఇచ్చేయాలి. అలా ఎక్కించిన క్యాసెట్ ఒకటి మా బావ చేతిలో పెట్టి, ఆయన పారాదీప్ పోర్టుకి వెళ్ళిపోయాడు. అందులో ఒక పాట ఉంది. గిటారు మెట్లు దిగుతున్నట్టు కిందికి దిగి ఠక్కున ఆగిపోతుంది. ఊపిరి తీసుకునేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, ఎక్కడో దూరంగా, ఒక సైరన్ లేచి, సాగి, కూలబడుతుంది. అది పూర్తిగా కింద పడేలోపు డ్రమ్ములు విరుచుకుపడతాయి. మొదటిసారి విన్నప్పుడు మా బావ చటుక్కున లేచి టిఫిన్ క్యారేజీ కోసం చూశాడు, డ్యూటీకి ఆలస్యమైపోయిందేమోనని. అది క్యాసెట్లోదని తెలిశాక ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఆ తరవాత దాన్ని గురించి మేం చేసిన సిద్ధాంత చర్చలు వింటే ఏ పీఠాధిపతులైనా సిగ్గుపడేవారు. ఆ ఐదుగురూ ఫ్యాక్టరీల మధ్య పుట్టిన కుర్రాళ్ళు, కార్మికుడి గొంతునే పాటలో పెట్టారు, అని నేను. షిఫ్ట్ దిగేవాడి సంతోషం అది, అని మా బావ. ఒక సంస్కరణ సభలో నేను ఆ సైరన్ని ఉదాహరణగా తీసుకుని, కళకి దేవుడు అక్కర్లేదు, పనిచేసే మనిషి ఉంటే చాలు అని బల్ల గుద్దాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. తరవాత ఒక ముసురు కాలంలో ఆ క్యాసెట్‌కి బూజు పట్టింది, మిగిలినదాన్ని టేప్‌రికార్డరు నమిలేసింది. కొన్నేళ్ళకి అదే పాట అసలు రికార్డు దొరికింది. ఎగిరి గంతేసి పెట్టాం. గిటారు దిగింది. నిశ్శబ్దం వచ్చింది. డ్రమ్ములు పడ్డాయి. సైరన్ లేదు. "సైరన్ కోసీసినార్రా!" అని మా బావ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అప్పటి నుంచి వచ్చిన ప్రతి పెట్టెనీ ఆ సైరన్ కోసమే కొన్నాడు. ఈ పెట్టెల వ్యాపారం గురించి నాలుగు మాటలు అనకపోతే నా కలం ఊరుకోదు. ఒకే నూనెలో పదోసారి వేసిన బజ్జీలివి. అవే పాటలు, ఈసారి తుడిచాం, ఈసారి కడిగాం, ఈసారి మెరుగు పెట్టాం అంటారు. మూత మీద 'ఇంతవరకు వెలుగు చూడనివి' అని రాస్తారు. లోపల వెతికితే అలాంటివి రెండుంటాయి, ఆ రెంటికోసం ఇంట్లో ఉన్నవన్నీ మళ్ళీ కొనాలి. ఒక కచేరీని నడిమికి నరికి, రెండో ముక్క వచ్చే పెట్టెకి దాస్తారు. పైగా ఆనాటి కచేరీ టిక్కెట్టుకి అచ్చు గుద్దిన నకలు ఒకటి. భక్తుణ్ణి గేటు గేటు దగ్గరా ఆపి ఇంకో టిక్కెట్టు కొనిపించే విద్య ఎక్కడైనా ఒకటే, తెర వెనక విగ్రహం ఉందా గిటారు ఉందా అన్నదే తేడా. ఈ మాట మా బావతో అంటే, అతను ఆ నకలు టిక్కెట్టుని కళ్ళకద్దుకుంటూ, "నిజమే బావా, దొంగనాయాల్లు" అన్నాడు. అతను పక్కకి తిరిగాక నేనూ ఆ టిక్కెట్టు వాసన చూశాను. కొత్త అట్ట వాసన.

బస్సు దిగేసరికి రిఫైనరీ గాలి ఎప్పటిలా పలకరించింది. పెట్టె ముందుగదిలో బల్ల మీద, పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. ఈసారి మూత మీద చాలా పెద్ద మాటే రాశారు: ఆ ఆల్బం కోసం స్టూడియోలో ఎక్కించిన ప్రతి ముక్కా, ఏదీ వదలకుండా. మా బావ చేతులు కడుక్కుని వచ్చాడు. "ఇదే ఆకరు. ఇందులో గానీ లేదో, మొత్తం పాత సామాన్ల బండికి ఏసేత్తాను. ఇంక ఆల్ల పాట ఈ ఇంట్లో ఇనపడదు. సెప్తన్నాను" అన్నాడు. వంటింట్లోంచి మా అక్క, "తమ్ముడా, నువ్వే సాచ్చికం. మాట మారిస్తే ఒప్పుకోను" అంది. ఆవిడ నవ్వుతూనే అంది గానీ అతను నవ్వలేదు. ఆ పాటలు లేని మా బావని నేను ఊహించుకోలేకపోయాను.

పొద్దున్నంతా విన్నాం. దేన్నీ వదలలేదన్న మాట నిజమే. ఒకడు దగ్గుతాడు, ఒకడు తీగ తెంపుకుని బూతు తిడతాడు, ఎవడో టీ అడుగుతాడు, పాట మొదలవుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. గిటారు మెట్లు దిగినప్పుడల్లా మేమిద్దరం ముందుకి వంగేవాళ్ళం. నిశ్శబ్దం వచ్చేది. డ్రమ్ములు వచ్చేవి. మధ్యలో మా అక్క చేపల పులుసుతో అన్నం పెట్టింది, అదీ వింటూనే తిన్నాం. చివరి ముక్క కూడా అయిపోయింది. మా బావ లేచి బీరువాలోంచి పెట్టెలు ఒక్కొక్కటే తీసి గుమ్మం దగ్గర పేర్చడం మొదలుపెట్టాడు. గ్రైండరు వైపు కూడా వెళ్ళబోతే మా అక్క, "అది నాది. ముట్టుకుంటే ఊరుకోను" అంది.

నాకు వాదన తప్ప ఇంకో విద్య రాదు. "బావా, ఆగు. వీళ్ళు దగ్గుని అమ్ముకున్నారు. బూతుని అమ్ముకున్నారు. టీ అడిగితే అదీ అమ్ముకున్నారు. నిజంగా సైరనే ఉంటే వదిలేసేవాళ్ళా? దానికోసం విడిగా ఇంకో పెట్టె చేసేవాళ్ళు కాదూ?" అన్నాను.

చేతిలో పెట్టెతో అలాగే నిలబడిపోయాడు. "అయితే మనం ఇన్నదేటి? ఇద్దరం ఇన్నాం కదా!"

దెయ్యాన్ని చూశామనేవాళ్ళు నాతో సరిగ్గా ఈ మాటే అంటారు. వాళ్ళని నేనడిగే ప్రశ్న ఇన్నేళ్ళూ మాకు మేం వేసుకోలేదు. "ఎక్కించినాయన్ని అడిగావా ఎప్పుడైనా?" అన్నాను. క్రేన్ మావ పారాదీప్‌లో కూతురి దగ్గరున్నాడు. పండక్కీ పబ్బానికీ ఫోనులో మాట్లాడుతూనే ఉన్నా, అనుమానమే లేని సంగతి ఎవరడుగుతారు? మా బావ నంబరు నొక్కి, మాకూ వినపడేలా స్పీకరు పెట్టాడు.

అంతా విని ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఓరల్లుడా, అది షిఫ్టు మారినప్పుడు కూసే మన రెండు గంటల సైరనురా! తలుపులేసి, కిటికీలేసి, మీ అత్తని ఊపిరి గట్టిగా తియ్యొద్దని సెప్పి ఎక్కిస్తంటే, సరిగ్గా ఆడు గిటారాపిన కాడ కూసీసింది. మల్లీ ఎక్కిద్దామంటే సాయంత్రానికి ఓడెల్లిపోనాది. పాట పాడయిందని నువ్వు బాదపడతావని నాను సెప్పలేదు. పాడయిపోనాదా ఏటి?"

"లేదు మావా" అన్నాడు మా బావ. "శానా బాగుంది."

ఫోను పెట్టేశాక కుప్పకూలతాడేమో అనుకున్నాను. అతను గోడ గడియారం చూశాడు. రెండు కావస్తోంది. గుమ్మం దగ్గర పేర్చినవాటిని దాటుకుంటూ పరిగెత్తి, కొత్త పెట్టెలోంచి అసలు పాట తీసి పెట్టాడు. ఆరోజు సైరన్ ముందే కూసింది, గిటారు ఇంకా పైమెట్టు మీదే ఉంది. "రేపు సూద్దాం. నువ్వుండిపో బావా" అన్నాడు. ఉండిపోయాను. మర్నాడు పాటే ముందు పరిగెత్తింది. మా అక్క మమ్మల్నిద్దర్నీ చూసి, "రిటైరయ్యాక కూడా షిఫ్ట్ డ్యూటీయే వీల్లకి" అంది. అన్నా, ఆ మర్నాడు రెండు అవుతుండగా ఆవిడే వంటింటి కిటికీలూ వీధి తలుపూ బార్లా తెరిచి, చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడింది.

గిటారు మెట్లు దిగింది. ఆగింది. ఇళ్ళ కప్పుల మీదుగా, మా చిన్నప్పటంత గట్టిగా కాదు గానీ, సైరన్ లేచింది, సాగింది, కూలబడుతూ ఉండగా డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. మా బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. మా అక్క గరిటెతో గుమ్మం మీద తాళం వేస్తోంది. పెట్టెలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. కచేరీ రెండో ముక్కతో ఇంకోటి రాబోతోందట, దాన్ని తిట్టుకుంటూనే కొంటాడు. పోయిన కాలం తిరిగి రాదని ఎవరైనా అంటే ఇదివరకైతే తలూపేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, అది రోజూ రెండింటికి మా బావ వీధిలోంచే వెళ్ళిందనీ, తలుపులు వేసుకుని పెట్టెల్లో వెతికింది మేమేననీ అనిపిస్తోంది.