పది సార్లు గుండెల నిండా గాలి

ఈ రోజు పొద్దున ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక షెడ్డుకు వెళ్లాను. ఆరోగ్య కార్యకర్తను కదా, చలికాలంలో రోగనిరోధక శక్తిని సహజంగా ఎలా పెంచుకోవాలో చెప్పే కరపత్రం చదివి వినిపించి, సెల్ఫీ తీసి పైవాళ్లకు పంపాలి.

శిల్పి పుల్లయ్యన్న గ్రైండర్ ఆపి, నాకు స్టూలు తుడిచి వేశాడు. ఆయన మీసాలు, కనురెప్పలు రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని చదివాను. పాలల్లో పసుపు, తులసి ఆకుల కషాయం, పొద్దుటి ఎండ. చివరిది, రోజూ పది సార్లు గుండెల నిండా గాలి పీల్చుకోవడం.

ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక అడిగాడు. "ఆ గాలి యాడ పీల్చుకోవల్లమ్మా?"

"ఇంటి దగ్గర పీల్చుకో అన్నా."

"ఇల్లు ఈడనే కదమ్మా" అని షెడ్డు వెనక రేకుల గది చూపించాడు. గుమ్మం పక్కన తులసి మొక్క ఉంది. దాని ఆకులూ ఆయన మీసాల్లాగే తెల్లగా ఉన్నాయి.

"మాస్కులేమన్నా తెచ్చినావా?"

"కాగితాలే ఇచ్చారన్నా."

ఆయన నేనిచ్చిన కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సెల్ఫీలో ఇద్దరి ముఖాలూ కనబడాలని రూలు. చున్నీ దించి నవ్వాను. ఫోటో పడేదాకా ఊపిరి బిగబట్టుకున్నాను. సాయంత్రానికి మా వాట్సాప్ గ్రూపులో దానికి చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

మీ దగ్గరికీ ఎవరైనా ఈ కరపత్రం తెచ్చారా? ముక్కుకు ఏం అడ్డం పెట్టుకుని చదివారో కూడా రాయండి.