నాలుక కింద చూడని వారం

ఆ వారంలో పోయినవి ముందు రాస్తాను. పిల్లి ఒంట్లోంచి ఎనిమిది వందల అరవై గ్రాములు. సత్తవ్వ చేతిలోంచి నాలుగు పనిదినాలు. రోజుకు ఎనిమిది వందల బీడీలు చుట్టే చేయి కనుక మూడు వేల రెండు వందల బీడీలు. నేను చేసిన మూడు వైద్యాలు, మూడూ తప్పే. చివరికి పిల్లి.

కరోనా రెండో విడత పోయిన మరుసటి మార్చిలో నన్ను బోధన్ వైపు ఒక ఊరి పశువైద్య ఉపకేంద్రానికి వేశారు. చెరుకు బండ్లు ఇంకా తిరుగుతున్న రోజులు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్, అంటే డాక్టరు కింది మనిషి. టీకా వేయవచ్చు, పురుగుల మందు తాగించవచ్చు, కట్టు కట్టవచ్చు. కోత పెట్టకూడదు. అక్కడ డాక్టరు పోస్టు ఖాళీగా ఉండేది. ఇన్‌చార్జి డాక్టరు నిజామాబాద్ నుంచి బుధవారం మాత్రం వచ్చి వెళ్లేవారు.

నేను అటెండరుగా చేరి ప్రమోషన్ మీద పైకి వచ్చినవాణ్ణి. లెక్కలు ఎవరూ నేర్పలేదు, నేనే పట్టుకున్నాను. బర్రె ఛాతీ చుట్టుకొలత, ఒంటి పొడవు టేపుతో తీసి దాని బరువు నోటితోనే చెప్పేవాణ్ణి. మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది కనుక లెక్క సరిగా ఉంటే వైద్యం సరిగా ఉన్నట్టేనని నమ్మేవాణ్ణి.

ఒక మంగళవారం సత్తవ్వ వెదురు గంపలో పిల్లిని పెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, బీడీలు చుట్టి బతుకుతుంది, పిల్లలు లేరు. వెంట ఆమె వదిన రాజవ్వ. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవారు.

"సారూ, మా ఎర్రక్క రెండొద్దుల సంది ముద్ద ముడ్తలేదు. నీళ్లు దాగినా కక్కుతుంది" అంది సత్తవ్వ.

రాజవ్వ ఊరుకోలేదు. "మనుసులకు జరమొస్తె గోలిబిళ్లతోటి సరి. గీ పిల్లికి దవాఖాన! నన్నేనాడన్న అక్కా అన్నదా సారూ? పిల్లి మాత్రం అక్క. ఇగ పింఛన్ గూడ రాయించు."

"నువ్వు ఎలుకలు వట్టు, నిన్ను గూడ అక్కా అంట" అని సత్తవ్వ తిరిగి అంటించింది. నేను నవ్వాను.

ఓపీ రిజిస్టరులో ఆవులకు, బర్రెలకు, గొర్రెలకు, మేకలకు, కోళ్లకు, కుక్కలకు గడులున్నాయి. పిల్లికి లేదు. 'ఇతరములు' కింద ఒకటి వేశాను. గొర్రెపిల్లలను తూచే స్ప్రింగు కాటాకు గుడ్డసంచి తగిలించి పిల్లిని తూచాను. మూడు కిలోల నూట యాభై గ్రాములు. ఎన్నిసార్లు కక్కింది, ఎంత తాగింది, ఎప్పుడు దొడ్డికి పోయింది, అన్నీ అడిగి రాసుకున్నాను. నోరు తెరిచి చిగుళ్ల రంగు చూశాను. కడుపులో పురుగులని తేల్చి, మోతాదు బరువుకు కట్టి మందు వేశాను.

మరునాడు డాక్టరు వచ్చారు. పదహారు పశువులను చూశారు. పిల్లి మాట చెప్పేంత పెద్దది కాదనుకుని నేను ఎత్తలేదు.

గురువారం రెండు కిలోల ఎనిమిది వందల ఎనభై. ముక్కుతోంది, చుక్క జిగురు తప్ప ఏమీ పడటం లేదు. నాకుకున్న వెంట్రుకలు కడుపులో ఉండకట్టి ఉంటాయని నూనె మందు తాగించాను. పలచని మజ్జిగ పట్టమన్నాను. సత్తవ్వ అప్పటికే పని మానేసి, దాని పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోస్తోందని రాజవ్వ చెప్పింది.

శనివారం రెండు కిలోల ఆరు వందలు. ఆ రోజు గంప దించకముందే సత్తవ్వ, "ఎనుకకెల్లి దారం కనవడ్తుంది సారూ" అంది. చూశాను. బీడీకి కట్టే సన్నదారమే. పోయిన ఆదివారం నాడు తన దారం కండె కొస నమిలి ఉండటం చూసిందట. వదినే తెంపుకుపోయిందనుకుని ఇద్దరూ తిట్టుకున్నారట.

బర్రె ఈనాక మాయ పడక వేలాడుతుంటే చేత్తో పట్టి మెల్లగా లాగటం మాకు అలవాటైన పని. ఊళ్లలో కొందరు దానికి పాత చెప్పు కట్టి వదిలేస్తారు, బరువుకు జారుతుందని. వేలాడేది ఏదైనా లోపల ఉండకూడనిదేనని మా చేతులకు పాఠం. నేను దారాన్ని వేలికి చుట్టుకుని లాగాను. కొంత వచ్చి ఆగింది. పిల్లి అరిచింది. ఇంకొంచెం లాగాను. తెగింది. టేపు మీద పెట్టి చూస్తే పదకొండు అంగుళాలు.

"మొత్తం అచ్చిందా సారూ?"

"వచ్చింది" అన్నాను. కండెలో ఎంత పోయిందో ఆమెనడగలేదు. దేనితో పోల్చి అలా అన్నానో నాకే తెలియదు.

సోమవారానికి రెండు కిలోల రెండు వందల తొంభై. పొట్ట చెక్కలా ఉంది, చెవులు చల్లబడ్డాయి. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి మాట, నాలుక కింద చూశారా అని. చూడలేదు. రాజవ్వ పిల్లి తల పట్టుకుంటే నేను దవడ విప్పి నాలుక ఎత్తాను. దారం ముడిలా నాలుక మొదట్లో చుట్టుకుని మాంసంలోకి దిగి ఉంది.

ఆయన ఫోనులోనే విడమర్చి చెప్పారు. ఒక కొస నాలుకకు పట్టుకుని ఉంటే మిగతాది పేగు పొడవునా సాగుతుంది. లంగాకు నాడా బిగిస్తే గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగు దాని మీద కుచ్చులు పడుతుంది. అలాంటప్పుడు ఏ కొస పట్టి లాగినా దారం రంపంలా పేగును కోస్తుంది. వెంటనే నిజామాబాద్ తీసుకురమ్మన్నారు.

బస్సులో సత్తవ్వ గంప మీద కొంగు కప్పుకుని కూర్చుంది. పక్కన రాజవ్వ. ఆపరేషన్ బల్ల మీద కడుపు విప్పిన కాసేపటికే పిల్లి పోయింది. పేగు మూడు చోట్ల తెగి ఉంది. డాక్టరు తీసి ట్రేలో వేసిన దారాన్ని కొలిచాను, ముప్పై ఒక్క అంగుళాలు.

"ఎవరైనా లాగారా?" అన్నారు ఆయన.

"కొద్దిగా, సార్."

"ఎంత?"

ఆ ఒక్కసారి నా దగ్గర అంకె ఉండి కూడా చెప్పలేదు. గుర్తు లేదన్నాను. దారం తనంతట తానే కోసిందో, లాగటం వల్ల తెగిందో ఇప్పుడు చెప్పలేమని ఆయన చేతులు కడుక్కున్నారు.

వరండాలో సత్తవ్వ నేల మీద కూలబడి ఉంది. "నేనే సారూ. కండె పైలంగ వెట్టకపోతి. నా చేతులార సంపుకున్న. మీరు పాపం వారం దినాలు తిప్పలవడ్డరు" అంది. నేను కాదనలేదు. అంతవరకు మాట మిగల్చని రాజవ్వ చచ్చిన పిల్లి ఉన్న ఆ గంపను తన నెత్తికెత్తుకుని, "లెవ్వు, బస్సొచ్చింది" అని మాత్రం అంది.

రిజిస్టరులో 'అజీర్తి, పై ఆస్పత్రికి పంపడమైనది' అని రాసి సంతకం చేశాను.

తరువాత సిరికొండ వైపు బదిలీ అయ్యాను. బర్రె తన్నిన నడుముతో వయసు రాకముందే విరమణ తీసుకున్నాను. ఈ సంఘటన నేర్పింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. తినకుండా కక్కే పిల్లిని తూచే ముందు నాలుక కింద చూడాలి. దారం ఏ కొసన కనిపించినా లాగకూడదు, తాకకుండా డాక్టరు దగ్గరికి చేర్చాలి. నా కింద పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఇది చెప్పాను, ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేదు.

సత్తవ్వ ఆ తరువాత రెండుసార్లు బోధన్ బస్టాండులో కనబడింది. రెండుసార్లూ అదే మాట, తన చేతులార చంపుకున్నానని. రెండుసార్లూ విని బస్సెక్కాను. ఆమెకు నేను చెప్పవలసింది నేటికీ అంతే ఉంది. పదకొండు అంగుళాలు.